'ఉరుకు బిడ్డా' అని ఆటల చెప్పేదెవరు?

రెండేండ్ల కింద దసరాకు మా అక్క కొడుకు ఊరికొచ్చిండు. హైదరాబాద్‌ల చిన్న కొలువు చేస్తడు. వస్తవస్త ల్యాప్‌టాప్ సుత తెచ్చుకున్నడు. రాత్రి అందరు పండుకున్నంక వాకిట్ల మంచమేసుకొని ఆట మొదలువెట్టిండు. నేను పక్కకు కూసొని చూస్తున్న. ఒక గుహ. అందుల నిప్పుతోని చేసిన ఒక రాక్షసుడు. వాని సుట్టు నలభై మంది. ఎవరు ఎవరిని కొడుతున్నరో నాకైతే ఒక్క ముక్క సమజ్ గాలే. తెరంత మెరుపులు, మంటలు, అంకెలు.

గంతల ల్యాప్‌టాప్‌ల నుంచి మా అమ్మ గొంతు ఇనవడ్డది. "ఉరుకు బిడ్డా, ఉరుకు!"

నేను ఉలిక్కిపడి ఇంట్లకు చూసిన. అమ్మ లోపల గురక పెడుతున్నది. పోరడు మాత్రం టపటప మీటలు కొట్టి తన బొమ్మను గుంపు నుంచి దూరంగ ఉరికించిండు. కొన్ని సెకన్లకు ఆ బొమ్మ మీద బాంబు పేలింది. పక్కన ఎవ్వరు లేరు గాబట్టి ఎవ్వరికి ఏం కాలే.

"బాంబు పడ్డదని నీకెట్ల తెలిసిందిరా?" అని అడిగిన.

"నేను చూడలే మామా. యాడాన్ చెప్పింది. అమ్మమ్మ గొంతు రికార్డు చేసి అందుల పెట్టిన" అని నవ్విండు.

ఆ రాత్రి నుంచి ఈ యాడాన్ సంగతి నా బుర్రల తిరుగుతనే ఉన్నది. నాకు చదువు తక్కువ. కంప్యూటర్ నాకు ఎవ్వరు నేర్పలే, తప్పులు చేసుకుంట నేర్చుకున్న. గట్ల నేర్చుకున్నోని లెక్కనే ఈ ముచ్చట మీకు చెప్త. ఇది ఉత్త ఆట ముచ్చట అనుకోకుండ్రి. చివరికి ఇది మీ చేతుల ఉన్న ఫోన్ కాడికే వస్తది.

ఆట ఏంది?

ఆ ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాల బ్లిజార్డ్ అనే కంపెనీ 2004 నవంబర్‌ల విడుదల చేసింది. మన దగ్గర పోరగాళ్లు ఆడే ఫ్రీ ఫైర్, బీజీఎంఐ లెక్క ఫోన్ ఆట కాదు. కంప్యూటర్ కావాలె, నెట్ కావాలె, నెలకు దాదాపు 15 డాలర్ల చందా కట్టాలె. అందుకే మన ఊర్లల్ల దీన్ని ఆడేటోళ్లు తక్కువ. లోకంల మాత్రం 2010ల కోటి ఇరవై లక్షల మంది చందాదారులు ఉండిరి.

ఇందుల ఒక్కొక్కరు ఒక్కో వేషం కడతరు. ఒకడు డాలు పట్టుకొని దెబ్బలన్ని తన మీద ఏసుకుంటడు. ఒకరు వైద్యం చేస్తరు. మిగిలినోళ్లు కొడతరు. అందరు కలిసి ఒక పెద్ద రాక్షసుని మీదికి పోతే దాన్ని రెయిడ్ అంటరు. మొదట్ల ఒక్క రెయిడ్‌కు నలభై మంది పోయేటోళ్లు. మన కాడ బావి తవ్వుడు లెక్కనే. ఒక్కడు పట్టు ఇడిస్తే అందరు పోతరు.

ప్రభావం అంటే ఏంది?

ఈ ఆటల కొట్లాట అంతా కత్తి దెబ్బల మీద నడవది. ప్రభావాల మీద నడుస్తది. అంటే ఒక మనిషి మీద కొంతసేపు పనిచేసే మంచో చెడో.

మంచి ప్రభావాన్ని బఫ్ అంటరు. నీ బలం పెరుగుతది, దెబ్బ తక్కువ తాకుతది. చెడ్డ ప్రభావాన్ని డీబఫ్ అంటరు. విషం ఎక్కుతది, శాపం తగులుతది, రోగం వస్తది, కాళ్లు కదలవు. కొన్ని ప్రభావాలు చెప్పకుంట వస్తయి. నువ్వు కొడుతుంటే కొడుతుంటే ఒక్కసారి అదృష్టం తగిలి, కొన్ని సెకన్ల పాటు నీ పెద్ద మంత్రం ఊకెనే దొరుకుతది. దాన్ని ప్రాక్ అంటరు. ఆ కొన్ని సెకన్ల లోపల వాడుకోకపోతే అది పాయె. ఇగ కూల్‌డౌన్ అంటే, ఒకపారి వాడిన మంత్రం మల్ల చేతికొచ్చేదాక ఆగాల్సిన టైమ్.

అన్నింటికి తెర మీద చిన్న చిన్న బొమ్మలు ఉంటయి. గోరంత సైజు. మూలకు ఒక వరుసల పేర్చి ఉంటయి. ఒక్కొక్కసారి ఇరవై ముప్పై బొమ్మలు. అందుల నిన్ను చంపేది ఏది, పట్టించుకోనక్కర లేనిది ఏది అని కొట్లాట నడుమ వెతుకుడంటే, జాతరల తప్పిపోయిన పిలగాన్ని వెతికినట్టే ఉంటది.

మా పోరడు ఆడిన కాడ ఉన్న నిప్పు రాక్షసుని పేరు బారన్ గెడ్డన్. మోల్టెన్ కోర్ అనే గుహల ఉంటడు. వాడు గుంపుల ఎవడో ఒకని మీద సజీవ బాంబు అనే డీబఫ్ ఏస్తడు. కొన్ని సెకన్లల్ల అది పేలుతది. ఎవని మీద పడ్డదో వాడు గాల్లకు లేస్తడు, పక్కన ఉన్నోళ్లందరికి మంట తాకుతది. వాడు టైముకు దూరం ఉరికితే ఏం కాదు. ఉరకకపోతే వాని పక్కన నిలవడ్డ పాపానికి పది మంది సచ్చిపోతరు. అంటే ఒక్కడు గోరంత బొమ్మను చూడకపోతే నలభై మంది మూడు గంటల కష్టం బూడిద.

ప్రభావాలు ఎంత దూరం పోతయో చెప్పే ఇంకో ముచ్చట ఉన్నది. 2005 సెప్టెంబర్‌ల హక్కర్ అనే దేవుని గుడిని ఆటల కొత్తగ తెరిచిండ్రు. వాడు 'చెడిపోయిన రక్తం' అనే డీబఫ్ ఏస్తడు. పక్కన నిలవడ్డోళ్లకు అది అంటుకుంటది. అది ఆ గుడి లోపలనే ఉండాలని కంపెనీ అనుకున్నది. కని ఆటగాళ్లు పెంచుకునే జంతువులకు అంటుకొని, అవి బయటికొచ్చినప్పుడు పట్నాలల్లకు వచ్చింది. కొత్తగ ఆడేటోళ్లు కుప్పలు కుప్పలు సచ్చిండ్రు. కొందరు పట్నం ఇడిచి ఉరికిండ్రు. కొందరు సాయం చేయబోయి అంటించుకున్నరు. కొందరు కావాలని ఇంకొకరికి అంటించిండ్రు. 2007ల ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీద లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ అనే పెద్ద వైద్య పత్రికల వ్యాసం రాసిండ్రు. అంటురోగం వచ్చినప్పుడు మనుషులు ఎట్ల నడుచుకుంటరో దీంట్ల చూడొచ్చని చెప్పిండ్రు. కరోనా వచ్చినంక లోకం మల్ల ఆ వ్యాసాన్ని తలుచుకున్నది.

యాడాన్ ఎట్ల పని చేస్తది?

యాడాన్ అంటే ఆటకు బయటోళ్లు తగిలించే చిన్న ప్రోగ్రాం. ట్రాక్టర్ కంపెనీది, దాని ఎనుక కట్టే గొర్రు మన ఊరి కమ్మరిది. గట్లనే.

ఈ ఆటల యాడాన్లు రాయనికె లువా అనే భాష వాడతరు. అది అమెరికాల పుట్టలే. 1993ల బ్రెజిల్‌ల, రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంల పుట్టింది. పోర్చుగీసు మాటల లువా అంటే చందమామ. మన అసొంటి దేశంల పుట్టిన భాష లోకంల పెద్ద పెద్ద ఆటల లోపల నడుస్తున్నది. రోబ్లాక్స్ అనే ఆట సుత దాని నుంచి వచ్చిన భాషతోనే నడుస్తది. ఇది యాదికి ఉంచుకోండ్రి.

పని మూడు మెట్లల్ల జరుగుతది.

మొదటిది, సంగతి తెలుసుకునుడు. కంపెనీ సర్వర్ నుంచి నీ కంప్యూటర్‌కు ప్రతి క్షణం సమాచారం వస్తనే ఉంటది. ఫలానా మనిషి మీద ప్రభావాలు మారినయి, ఫలానా రాక్షసుడు మంత్రం మొదలువెట్టిండు, ఫలానోనికి ఇంత దెబ్బ తాకింది. ఆట ఈ సంగతుల్లో కొన్నింటిని యాడాన్‌కు సుత చెప్తది. ఉదాహరణకు 'యూనిట్ ఆరా' అనే కబురు. దాని అర్థం, ఈ మనిషి మీద ఉన్న ప్రభావాల లిస్టు మారింది, పోయి చూసుకో అని.

రెండోది, జల్లెడ పట్టుడు. యాడాన్ ఆ లిస్టును చూస్తది. నువ్వు ముందే చెప్పి పెట్టినవు: పేరు సజీవ బాంబు అయితే, అది నా మీదనే పడితే, అప్పుడే నాకు చెప్పు అని. ఇదే షరతు. లెక్కల అయితే-అప్పుడు అని అంటం సూడు, గదే. మిగిలిన వంద సంగతులను అది పక్కకు పడేస్తది.

మూడోది, చెప్పుడు. తెర నడుమ పెద్ద బొమ్మ మెరుస్తది, లేకపోతే సెకన్లు తగ్గుకుంట వచ్చే పట్టీ కనిపిస్తది, లేకపోతే శబ్దం వస్తది. శబ్దం ఏదైనా పెట్టుకోవచ్చు. మా పోరడు అమ్మమ్మ గొంతు పెట్టిండు. చిన్నప్పుడు ఆమె గట్లనే బర్ల కాడి నుంచి, బావి గడ్డ కాడి నుంచి ఉరికించేది గదా. ఆ గొంతు ఇంటే కాళ్లు వాటంతల అవే కదులుతయని చెప్పిండు.

అంతే. మాయ లేదు, మంత్రం లేదు. సంగతి, షరతు, సైగ. చేన్ల నీళ్లు నిండినంక మోటరు బందు అయ్యే ఆటోమేటిక్ స్టార్టర్‌ను చూసినోడు ఎవడైనా దీన్ని అర్థం చేసుకుంటడు.

కన్ను సరే, చెయ్యి వద్దు

ఇక్కడ ఒక పెద్ద పంచాయితీ ఉన్నది. చెప్పుడు వేరే, చేసుడు వేరే.

మొదట్ల డికర్సివ్ అనే యాడాన్ ఉండె. గుంపుల ఎవరికి శాపం తగిలిందో, ఎవరికి విషం ఎక్కిందో అదే చూస్తది. ఎవరిని ముందు బాగు చేయాలె, ఏ మంత్రం ఏయాలె అని సుత అదే లెక్క కడతది. వైద్యం చేసేటోడు ఒక్క మీట కొట్టుకుంట కూసుంటే చాలు. కన్ను దానిదే, బుద్ధి దానిదే. మనిషి ఏలు మాత్రమే అరువు.

2006 డిసెంబర్‌ల కంపెనీ దీనికి గీత గీసింది. కొట్లాట నడుస్తున్నప్పుడు మంత్రం ఏసుడు, లక్ష్యాన్ని ఎంచుకునుడు అసొంటి పనులను యాడాన్ తనంతట తాను చేయరాదు. మనిషి మీట కొట్టాలె, ఎవరి మీద అనేది మనిషే తేల్చాలె. డికర్సివ్ తర్వాత సుత బతికింది, కని పద్ధతి మార్చుకొని. ఎవరికి ఏమైందో రంగుతోని చూపెడతది, నొక్కేది మాత్రం నువ్వే.

నాకు ఈ గీత మస్తు నచ్చింది. పక్కోడు చెవిల సంగతి చెప్తే అది సాయం. పక్కోడు నీ చెయ్యి పట్టి రాస్తే అది నీ పరీక్ష కాదు.

ఊకెనే చేసిన చెయ్యి

ఈ హెచ్చరిక యాడాన్లను రాసింది కంపెనీ కాదు. ఆడేటోళ్లే రాసిండ్రు. రాక్షసుడు ఎప్పుడు ఏ మంత్రం ఏస్తడో గడియారం పెట్టి చెప్పే డెడ్లీ బాస్ మాడ్స్, బిగ్‌విగ్స్ అసొంటివి వచ్చినయి. నీ మీద ప్రభావం పడంగనే తెర మీద పెద్ద బొమ్మ చూపే పవర్ ఆరాస్ వచ్చింది. తర్వాత వీక్ ఆరాస్ వచ్చింది. దాంట్ల ప్రోగ్రాం రాయరానోడు సుత షరతులు ఎంచుకొని తన హెచ్చరిక తాను చేసుకోవచ్చు. చేసుకున్నదాన్ని ఒక పొడుగు అక్షరాల దారం లెక్క తీసి సోపతిగానికి పంపొచ్చు. వాడు దాన్ని అతికిస్తే అదే హెచ్చరిక వానికి సుత వస్తది. ఇత్తనాలు పంచుకున్నట్టు. మా పోరడు జర్మనీల ఎవడో చేసిన హెచ్చరికను తీసుకొని, గొంతు మార్చి, ఒడిశాల సోపతిగానికి పంపిండు.

2009 మార్చిల కంపెనీ ఒక నియమావళి పెట్టింది. యాడాన్‌ను పైసలకు అమ్మరాదు. కోడ్ అందరు చదివేటట్టు ఉండాలె, దాచిపెట్టరాదు. ఆట లోపల ప్రకటనలు ఏయరాదు, చందాలు అడగరాదు.

ఇందుల మంచి ఉన్నది. కోడ్ తెరిచి ఉంటే ఎవడైనా చదివి నేర్చుకుంటడు, దొంగతనం ఉంటే పట్టుకుంటడు. లోకం మీద ఎంతోమంది పోరగాళ్లు ప్రోగ్రాం రాసుడు ఈ యాడాన్ల కాడనే మొదలువెట్టిండ్రు. కని ఇంకో పక్క సుత చూడాలె. ఆటకు చందా కంపెనీ తీసుకుంటది. ఆ ఆటను ఆడేటట్టు చేసిన యాడాన్ రాసినోడు ఆట బయట ఎక్కడన్న ఇష్టమున్నోళ్లు ఇచ్చే చందా మీద బతకాలె. పండుగ పూట కొత్త రాక్షసుడు వస్తే, వీళ్లు నిద్ర మానుకొని తెల్లారేసరికి హెచ్చరికలు తయారు చేయాలె. లేకుంటే జనం తిడతరు. పొలం దొరది, నాగలి మనది అన్న లెక్క.

కంపెనీ ఈ యాడాన్లను చూసి నేర్చుకున్నది సుత. 2010ల, పవర్ ఆరాస్ చూపినట్టే మనిషి బొమ్మ సుట్టు మెరిసే హెచ్చరికలను ఆట లోపలనే పెట్టింది. ఆడేటోళ్ల ఆలోచన కంపెనీ సొత్తు అయింది.

కంపెనీ గేటు మూసింది

అదే 2010ల ఇంకో పంచాయితీ అయింది. ఏవీఆర్ అనే యాడాన్ ఆట నేల మీదనే గీతలు గీసి చూపేది. ఇక్కడ నిలబడు, ఇక్కడ నిలబడకు అని ముగ్గు ఏసినట్టు. కంపెనీకి అది నచ్చలే. దాన్ని పనిచేయకుంట చేసింది. 2023ల కొన్ని డీబఫ్‌లను యాడాన్లు చదవరాకుంట దాచింది. వాటిని మనిషి తన కన్నుతోనే చూసుకోవాలె.

ఇగ 2026ల మిడ్‌నైట్ అనే కొత్త భాగంతోని గేటు చానా మట్టుకు మూసింది. కొట్లాట సమాచారాన్ని యాడాన్ తెర మీద అందంగ చూపొచ్చు, రంగు మార్చొచ్చు. కని దాన్ని చదివి, లెక్క కట్టి, షరతు పెట్టి ఇది చెయ్ అని చెప్పరాదు. మూత పెట్టిన డబ్బా లెక్క. డబ్బాను మొయ్యొచ్చు, లోపల ఏమున్నదో చూడరాదు. దాని బదులు కంపెనీ తన సొంత హెచ్చరికలను ఆట లోపలనే పెట్టింది. వీక్ ఆరాస్ రాసేటోళ్లు మాత్రం, ఈ షరతుల కింద కొత్త భాగానికి మేం యాడాన్ ఇయ్యలేం అని 2025లనే చెప్పేసిండ్రు.

కంపెనీ మాట ఏందంటే, యాడాన్లు తెలివి మీరినయి. అవి అన్ని చెప్తున్నయని మేం రాక్షసులను ఇంకా కష్టంగ చేస్తున్నం. కష్టమైందని జనం ఇంకా తెలివైన యాడాన్లు రాస్తున్నరు. యాడాన్ లేనోడు ఆడలేని కాడికి వచ్చింది. అందరిని ఒకే గీత మీద నిలబెడతం.

ఈ మాటల నిజం ఉన్నది. మా పోరడే చెప్పిండు. కొత్తోడు గుంపుల చేరుతనంటే మొదటి ప్రశ్న 'నీ దగ్గర యాడాన్లు ఉన్నయా' అనే. ఆట నేర్చుకునే ముందే నాలుగు యాడాన్లు సర్దుకోనికె ఒక దినం పోతది. ట్యూషన్ పెట్టించుకోనోడు పరీక్షల ఎనుకబడ్డట్టు. ట్యూషనే దిక్కైతే ఇగ బడి ఎందుకు?

ఇంకో పక్క మాట సుత ఇనాలె. చూపు తక్కువ ఉన్నోళ్లకు గోరంత బొమ్మ కనవడది. ఇనికిడి తక్కువ ఉన్నోళ్లకు శబ్దం అందది. ఎరుపు పచ్చ తేడా తెలవనోళ్లు ఉన్నరు. చేతులు తొందరగ కదలనోళ్లు ఉన్నరు. వీళ్లందరికి హెచ్చరిక యాడాన్ అంటే చేతి కర్ర. తన కంటికి తగ్గట్టు బొమ్మను పెద్దగ చేసుకున్నడు, తన చెవికి తగ్గట్టు శబ్దం పెట్టుకున్నడు. కంపెనీ ఇచ్చే హెచ్చరిక అందరికి ఒకే కొలత అంగీ. కుట్టించుకున్న అంగీకి, పంచిపెట్టిన అంగీకి తేడా ఉంటది.

నా మాట అడిగితే, గీత గీసుడు తప్పు కాదు. 2006ల గీసిన గీతను నేనే మెచ్చుకున్న. కని అప్పుడు గీత యాడాన్ చెయ్యికి గీసిండ్రు. ఇప్పుడు గీసింది కన్నుకు. అందుకే ఎవరికి గీస్తున్నవో, ఎవరిని అడిగి గీస్తున్నవో చెప్పాలె. ఇరవై ఏండ్లు ఊకెనే పని చేసినోళ్ల చేతి కింది నుంచి చాప గుంజితే, కనీసం చేతి కర్ర మీద నడిచేటోళ్లకు ముందుగాల దారి చూపాలె.

ఇందుల మనకు సుత ఒక దారం ఉన్నది. 2023 అక్టోబర్‌ల ఆ కంపెనీ ఉన్న గ్రూపు మొత్తాన్ని మైక్రోసాఫ్ట్ దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ మైక్రోసాఫ్ట్‌కు పెద్ద మన హైదరాబాద్‌ల పుట్టిన సత్య నాదెళ్ల. మనోడు పెద్ద కుర్చీల కూసున్నడని ఫ్లెక్సీలు కట్టుడు సరే. ఆ కుర్చీ కింద నడిచే నియమాలు ఏందో సుత మనం చదవాలె గదా.

మన ఫోన్ కాడికి వద్దాం

ఇగ అసలు ముచ్చట. తమ్మీ, చెల్లె, మీరు ఆ ఆట ఆడకపోవచ్చు. కని 'మోడ్ ఏపీకే' అనే మాట మీరు ఇన్నరు. ఎదుటోడు గోడ ఎనుక ఉన్నా కనిపిస్తడు, గురి తప్పదు, డైమండ్లు ఊకెనే వస్తయి అని టెలిగ్రాంల లింకు వస్తది. అది సుత యాడానే గదా మామా అని ఒక పోరడు నన్ను అడిగిండు.

కాదు. మూడు ప్రశ్నలు అడిగి చూడు.

ఒకటి, ఆ ఆట దానికి తలుపు తెరిచిందా, లేక గోడకు కన్నం పెట్టి దూరిందా? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ల కంపెనీయే తలుపు పెట్టింది, ఏది చేయొచ్చో రాసి ఇచ్చింది. నీకొచ్చిన మోడ్ దొంగ దారిల వచ్చింది.

రెండు, దాని కోడ్‌ను ఎవరన్న చదవగలరా? వీక్ ఆరాస్ కోడ్ అంతా బహిరంగం. నీకు రాకపోయినా చదివేటోళ్లు వేల మంది ఉన్నరు. మోడ్ ఏపీకే లోపల ఏమున్నదో అది చేసినోనికే తెలుసు.

మూడు, అది చెప్తదా, నీ బదులు చేస్తదా? నీ బదులు గురి పెట్టేది సాయం కాదు, మోసం. ఆడేటోడు నువ్వు కాదు, అదే.

మా పక్క ఊర్ల ఒక పోరడు గట్లనే మోడ్ ఎక్కించిండు. అది ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగింది, యాక్సెసిబిలిటీ అనుమతి అడిగింది. ఆట మోజుల అన్నింటికి సరే అన్నడు. యాక్సెసిబిలిటీ అంటే చూపు లేనోళ్లకు తెరను చదివి చెప్పనికె, నొక్కలేనోళ్ల బదులు నొక్కనికె పెట్టిన సౌకర్యం. దొంగ చేతికి పోతే అదే సౌకర్యం నీ తెరను వానికి చదివి చెప్తది, నీ బదులు వాడే నొక్కుతడు. రెండు దినాలకు వాళ్ల నాయిన ఖాతాల వడ్ల పైసలు పోయినయి. ఓటీపీ ఫోన్‌కే వచ్చింది, ఫోన్‌ల నుంచే పోయింది. పోరడు ఇప్పటికి సుత నాయిన ముఖం చూడలేకపోతున్నడు. పైసలు పోయిన గంటలనే 1930 నంబర్‌కు ఫోన్ చేస్తే కొన్నన్న ఆగేవేమో. వాళ్లకు ఆ నంబర్ సంగతే తెలవది. మీరు తెలుసుకోండ్రి, ఇంట్ల గోడ మీద రాసి పెట్టుండ్రి.

మంచి తలుపు ఉన్న కాడ సుత దొంగలు ఉంటరు. 2016ల వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లనే ఒక మోసం బయటపడ్డది. తెలవనోడు వచ్చి, ఈ ఒక్క లైను చాట్ల కొట్టు, మంచి సంగతి ఉన్నది అంటడు. కొడితే నీ ఆట మీద వానికి పట్టు దొరుకుతది. తర్వాత కంపెనీ హెచ్చరిక పెట్టింది. వీక్ ఆరాస్ రాసేటోళ్లు సుత, వేరేటోళ్లు పంపిన కోడ్ నీ బంగారాన్ని టపాల పంపకుంట ముందే అడ్డం కట్టిండ్రు. తెలవని మనిషి ఇచ్చిన లైను అతికించుడంటే తెలవని మనిషికి ఇంటి తాళం ఇచ్చుడే. ఆటలనైనా, వాట్సాప్‌లనైనా.

అన్ని మోగితే ఏది ఇనవడది

ఇంకొక్క మాట చెప్పి ముగిస్త. మా పోరడు మొదట్ల యాడాన్‌ల ముప్పై హెచ్చరికలు పెట్టుకున్నడట. ప్రతి దానికి ఒక శబ్దం. తెరంత మెరుపులు. ఏమైంది? బాంబు పడ్డప్పుడు సుత వానికి తెలవలే. గుంపంతా సచ్చింది. తర్వాత కూసొని ఒక్కొక్కటి తీసేసిండు. 'ఇది మోగితే నేను ఏం చేస్త?' అని అడుక్కున్నడు. చేసేది ఏం లేనిదాన్ని తీసేసిండు. ఐదు మిగిలినయి. అందుల ఒక్కదానికే అమ్మమ్మ గొంతు పెట్టిండు.

ఇది ఆట పాఠం మాత్రమే కాదు. వానకాలం చేన్ల పిడుగు పడి మనోళ్లు సచ్చిపోతనే ఉన్నరు. పుణెల ఉన్న కేంద్ర వాతావరణ పరిశోధన సంస్థ దామిని అనే యాప్ తెచ్చింది. దగ్గర్ల పిడుగు పడే సూచన ఉంటే ఫోన్‌కు చెప్తది. అదే సంగతి, షరతు, సైగ. నువ్వున్న జాగ తెలుసుకుంటది, పిడుగు ఎక్కడ పడుతున్నదో చూస్తది, దగ్గరుంటే మోగుతది. కని మన ఫోన్ల రోజుకు రెండు వందల మోతలు. లోన్ యాప్‌ది, రీల్‌ది, షాపింగ్‌ది. ఆ మోతల నడుమ పిడుగు మోత ఇనవడ్తదా? పోరడు యాడాన్‌ల చేసినట్టే మనం ఫోన్ల చేయాలె. చేసేది ఏం లేని మోతలన్ని బందు పెట్టు. పానం కాపాడే మోతకు ఒక గొంతు పెట్టు.

మొన్న సంక్రాంతికి పోరడు మల్ల ఫోన్ చేసిండు. కొత్త భాగంల అమ్మమ్మ గొంతు ఇగ మోగదట. పాత ఆట మాత్రం క్లాసిక్ అనే పేరు మీద ఇంకా నడుస్తున్నది, అందుల మోగుతది. అందుకే నెలకోసారి ఆ నిప్పు రాక్షసుని కాడికి పోతున్నడట. పక్కన ఉన్న అమ్మకు ఆ మాట చెప్పిన. ఆమె తమలపాకు నముల్కుంట, "నేను ఉరుకు అంటేనే ఉరుకుతడారా వాడు? కండ్లు లేవా?" అన్నది.

ఉన్నయి అమ్మా. కని నలభై మంది నడుమ, నిప్పుల గుహల, కండ్లు చాలవు. పక్క నుంచి చెప్పేటోళ్లు ఉండాలె. చెప్పినంక ఉరికేది మాత్రం వాడే.